మెక్సికో విందు ముందురోజు రాత్రే మొదలవుతుంది

మెక్సికోలోని వహాకా, పూయెబ్లా ప్రాంతాల పల్లెల్లో రేపు ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే ఈ రాత్రే పొయ్యి మీదకు మొక్కజొన్నల కుండ ఎక్కుతుంది. కిలో ఎండు గింజలకు 3 లీటర్ల నీళ్ళు, అందులో 10 గ్రాముల సున్నం. నీళ్ళు పసుపురంగుకు తిరిగి, గింజ పైపొర వదులయ్యేదాకా అరగంటో ముప్పావుగంటో సన్నటి సెగ మీద ఉంచి దించేస్తారు. మూతపెట్టి తెల్లవార్లూ అలాగే వదిలేస్తారు. మర్నాటి విందులో ముఖ్యమైన పని ఆ మూత కింద, ఎవరూ చెయ్యి పెట్టకుండానే జరిగిపోతుంది.

మెక్సికన్ భోజనం పెట్టి, ఒకటి రెండు పానీయాలు కలిపి ఇచ్చి స్నేహితులను సంతోషపెట్టాలనుకునేవాళ్ళు మన నగరాల్లోనూ, అమెరికాలోని మనవాళ్ళ ఇళ్ళలోనూ ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళు ముందుగా రాసుకునేది సరుకుల చీటీ. నన్నడిగితే దానికంటే ముందు వేళల చీటీ రాసుకోవాలి. ఆ వంటలో కొన్ని మార్పులకు పన్నెండు గంటలు పడుతుంది, తొందరపెడితే కుదరదు. కొన్నింటికి పన్నెండు సెకన్లు చాలు, ముందే చేసి ఉంచితే పాడవుతాయి. ఏది ఏ కోవలోకి వస్తుందో ఆ పదార్థంలో జరిగే రసాయన చర్యే తేలుస్తుంది.

సున్నపు నీళ్ళతోనే మొదలుపెడదాం. తాంబూలంలో ఆకుకు రాసుకునే సున్నమూ ఇదీ ఒకటే, కాల్షియం హైడ్రాక్సైడ్. నీటిలో కొద్దిగానే కరుగుతుంది కానీ ఆ కొద్దికే నీటి పీహెచ్ 12 దాకా వెళుతుంది. మొక్కజొన్న తొక్కను గింజకు గట్టిగా పట్టి ఉంచేది హెమిసెల్యులోజ్ అనే పీచు పదార్థం. ఉత్త నీళ్ళలో ఎంత ఉడికించినా అది లొంగదు. క్షారంలో మాత్రం కరిగి జిగురవుతుంది. పొద్దున్నే మూత తీసి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని రుద్దితే తొక్క పల్చటి పొరగా జారి వచ్చేస్తుంది. లోపలి గింజ నున్నగా, ఉబ్బి, కాస్త పసుపెక్కి ఉంటుంది. వెల్ల వేసిన గోడ తడిసినప్పుడు వచ్చే వాసన వస్తుంది.

ఈలోపు కాల్షియం గింజలోకి ఇంకి, పిండిపదార్థాన్నీ మిగిలిన జిగురునూ కలిపి కట్టిపడేస్తుంది. గోధుమపిండిని సాగేలా చేసే గ్లూటెన్ మొక్కజొన్నలో లేదు. అందుకే ఉత్త మొక్కజొన్న పిండితో రొట్టె చేస్తే అంచులు చిట్లుతాయి, పెనం మీదకు వేసేటప్పుడు విరుగుతుంది. సున్నంలో నాని, కడిగి, రుబ్బిన ముద్దకు ఆ బాధ లేదు. ఉండ చేసి నొక్కితే నిండుగా పరుచుకుంటుంది. నానిన గింజను నిక్స్‌తమాల్ అనీ, రుబ్బిన ముద్దను మాసా అనీ అంటారు. రుబ్బడానికి తరతరాలుగా వాడింది మెటాటె, అంటే అగ్నిపర్వతపు నల్లరాతితో చేసిన సన్నికల్లు. ఇప్పుడు ఆ శ్రమ చాలాచోట్ల మర మీదకు మారింది. నిక్స్‌తమాల్ నింపిన బకెట్లతో పొద్దున్నే మర దగ్గర నిలబడే ఆడవాళ్ళు మెక్సికో పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తారు.

మాసా ఉండను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి నొక్కి, కోమాల్ అనే పెనం మీద వేస్తారు. అంచులు పెనాన్ని వదిలేదాకా, అంటే అరనిమిషం లోపే, మొదటి వైపు. తిప్పి రెండో వైపు ఇంకాస్త ఎక్కువసేపు, గోధుమరంగు మచ్చలు పడేదాకా. మూడోసారి తిప్పి వేలితో మధ్యలో చిన్నగా అద్దితే టోర్టియా అనే ఈ రొట్టె పొంగుతుంది. రెండువైపులా పైపొరల్లో పిండిపదార్థం ఉడికి బిగుసుకుపోయి ఉంటుంది. మధ్యలోని తడి ఆవిరై, బయటికి దారి లేక ఆ రెండు పొరలనూ విడదీస్తుంది. ముద్దలో నీళ్ళు తక్కువైతే ఆవిరి చాలదు. పెనం సరిగా కాలకపోతే పొర బిగియదు. ఎటైనా పొంగదు. పొంగినవాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి గుడ్డలో చుడితే తమ ఆవిరికి తామే మెత్తబడతాయి. రాత్రి మొదలుపెట్టిన పని ఇలా అతిథులు కూర్చున్నాక, పెనం దగ్గర ముగుస్తుంది. టోర్టియాలు మాత్రం ముందే చేసి ఉంచకూడదు, ఎందుకో చివర్లో చెబుతాను.

సున్నం చేసే మేలు ముద్దను కలపడంతో అయిపోలేదు. మొక్కజొన్నలో నయాసిన్, అంటే బి3 విటమిన్, ఉంది. కానీ అందులో చాలాభాగం హెమిసెల్యులోజ్‌కు కట్టుబడి ఉంటుంది, మన పేగులు ఆ కట్టు విప్పలేవు. క్షారం విప్పుతుంది. మెక్సికో, మధ్య అమెరికా ప్రజలు ఈ పద్ధతిని మూడు వేల ఏళ్ళకు పైగా పాటిస్తున్నారు. దీనికి సంబంధించిన సామగ్రి గ్వాటెమాలా దక్షిణ తీరంలో దొరికింది, అది క్రీ.పూ. 1500-1200 మధ్య కాలానిది. విటమిన్ అనే మాటే లేని రోజుల్లో, రుచి కోసమో తొక్క తేలిగ్గా పోతుందనో మొదలైన అలవాటు ఒక జాతి ఆరోగ్యాన్ని నిలబెట్టింది.

కొలంబస్ తర్వాత మొక్కజొన్న ఓడలెక్కి ఐరోపా చేరింది. సున్నపు కుండ మాత్రం వెనకే ఉండిపోయింది. మొక్కజొన్న చవగ్గా, విరివిగా పండడంతో పేదల ఇళ్ళలో అదే దాదాపు ఏకైక ఆహారమైంది. 1735లో స్పెయిన్‌లోని అస్టూరియాస్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు ఎర్రగా కమిలి, పొలుసులు కట్టే చర్మంతో, నీరసంతో వచ్చే రైతుల జబ్బును గుర్తించి వర్ణించాడు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపోలీ దానికి పెల్లాగ్రా అని పేరుపెట్టాడు. చర్మం కమలడం, విరేచనాలు, మతి చలించడం, చివరికి చావు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అదే జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాలను పట్టుకుంది. అంటువ్యాధేమోనని వైద్యులు భయపడుతున్న సమయంలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు 1914లో దర్యాప్తుకు దిగాడు. లోపం తిండిలోనే ఉందని నిరూపించడానికి రోగుల రక్తాన్ని తనకూ సహచరులకూ ఎక్కించుకున్నాడు కూడా. వాళ్ళెవరికీ జబ్బు సోకలేదు. లోపించింది నయాసిన్ అని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ తేల్చాడు. అప్పటికి ఆ ఒక్క దేశంలోనే దాదాపు లక్షమంది పోయారని అంచనా. వంటలో ఒక్క మెట్టు దాటవేసినందుకు రెండు శతాబ్దాలపాటు పేదలు ఇంత మూల్యం చెల్లించడం పోషకాహార చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసే ఘట్టం. వంట తెలిసిన ఆడవాళ్ళను ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది. దక్కన్‌లో జొన్నే ప్రధానాహారంగా బతికిన పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. జొన్నలో నయాసిన్ మొక్కజొన్నలోలా బందీగా ఉండదు, దాని తయారీకి పనికొచ్చే ట్రిప్టోఫాన్ కూడా అంత తక్కువేమీ కాదు. మరి జబ్బెందుకు? ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వివరణ ఇచ్చారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉంటుంది, ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారయ్యే దారికి అది అడ్డుపడుతోంది అన్నారు. తర్వాత వచ్చిన పరిశోధకుల్లో దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఏమైనా, ఒకే తృణధాన్యం మీద బతకాల్సి రావడం ఎంత ప్రమాదమో మన నేల మీదా రుజువైంది. మెక్సికోలో ఆ ప్రమాదాన్ని తప్పించింది సున్నం ఒక్కటే కాదు. పక్కనే చిక్కుడు గింజల కుండ ఉండేది. మొక్కజొన్నలో కొరవడిన లైసిన్ అనే అమైనో ఆమ్లం చిక్కుడు గింజలో ఉంది, చిక్కుడులో తక్కువైన మెథియోనిన్ మొక్కజొన్నలో ఉంది. పొలంలో కూడా రెంటినీ గుమ్మడితో కలిపి ఒకేచోట వేస్తారు.

నగరాల్లో ఉండేవాళ్ళకు దగ్గరి దారి మాసా హరీనా. నిక్స్‌తమాల్ రుబ్బి ఆరబెట్టిన పొడి అది, నీళ్ళు పోసి కలిపితే ముద్ద సిద్ధం. డాలస్, హ్యూస్టన్ లాంటి ఊళ్ళలో ఏ కిరాణాలోనైనా దొరుకుతుంది. మన దుకాణాల్లో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మేది ఉత్త పిండిపదార్థం, మక్కపిండి సున్నం చూడని పిండి. ఈ రెంటితో టోర్టియా కుదరదు. గింజలతోనే చేద్దామనుకుంటే తినడానికి తగిన శుభ్రమైన సున్నమే వాడాలి. పాత్ర స్టీలుదో మట్టిదో అయ్యుండాలి. అల్యూమినియాన్ని క్షారం తినేస్తుంది.

అదే రాత్రి చిక్కుడు గింజలు కూడా నానాలి. నల్లవైనా, రాజ్మా అయినా పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లించాలి. రాజ్మాలో ఫైటోహీమాగ్లూటినిన్ అనే విషపు ప్రోటీను ఉంటుంది. తెర్లే నీటిలో అది నశిస్తుంది, గోరువెచ్చటి సన్నసెగ మీద నశించదు. అందుకే స్లోకుక్కర్లో పచ్చి రాజ్మా పడేసి వదిలేయకూడదు. గింజ మెత్తబడేదాకా టమాటా వెయ్యొద్దు. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మనకు తెలిసిన సంగతే, ఇక్కడా పులుపు గింజ గోడల్లోని పెక్టిన్‌ను కరగనివ్వదు.

విందు రోజుకు ముందే పూర్తిచేసి పెట్టుకోదగ్గది మోలె అనే చిక్కటి మిరప పులుసు. పూయెబ్లా మోలెలో ఎండుమిరపలు, నువ్వులు, బాదం, వేరుశనగ, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, లవంగం, టమాటా, మాడ్చిన టోర్టియా ముక్క, చివర్లో కాస్త చాక్లెట్ పడతాయి. ఇరవైకి పైగా దినుసులు వేసే ఇళ్ళూ ఉన్నాయి. పెళ్ళిళ్ళలో టర్కీ కోడి మీద పోసి వడ్డించేది ఇదే. గుంటూరు యార్డుకు బస్తాల్లో చేరే మిరప జాతికి పుట్టిల్లు మెక్సికో. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారితో మన దగ్గరికి వచ్చింది. మనం దాన్ని ముఖ్యంగా కారం కోసం వాడుకున్నాం. మెక్సికన్లు ఎండుమిరపను చిక్కదనం కోసం, రంగు కోసం, ఎండుపళ్ళను తలపించే ఒక లోతైన రుచి కోసం కూడా వాడతారు. ఆంచో, గ్వాహియ్యో, పసియా రకాల్లో కండ ఎక్కువ, కారం తక్కువ. కాబట్టి ఆరు ఆంచోల చోట ఆరు గుంటూరు మిరపకాయలు వేస్తే అతిథులు కన్నీళ్ళతో వెళ్ళాల్సి వస్తుంది. దొరకనప్పుడు బ్యాడిగ మిరప వాడుకోవడం నయం.

తొడిమ తీసి, చీల్చి, గింజలూ వాటిని పట్టుకున్న తెల్లటి పొరా దులిపేయాలి. కారం పుట్టేది ఆ తెల్లపొరలోనే. గింజలకు అంటేది దాని నుంచే. తర్వాత పెనం మీద ఒక్కోవైపు కొన్ని సెకన్లే. రంగు తేలి వాసన రాగానే తీసేయాలి. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి కొత్త రుచులు పుట్టించే మయ్యార్ చర్య అప్పటికే మొదలై ఉంటుంది. ఇంకాసేపు ఉంచితే మాడి చేదెక్కుతుంది, ఆ చేదు ఎంత చాక్లెట్ వేసినా పోదు. వేడినీళ్ళలో నానబెట్టి రుబ్బిన ముద్దను కొవ్వులో వేయించడం తర్వాతి పని. కారానికి మూలమైన క్యాప్సైసిన్, ఎరుపునిచ్చే కెరొటినాయిడ్లు రెండూ నీటిలో కరగవు, నూనెలో కరుగుతాయి. వేగిన ముద్దలోంచి ఎర్రటి నూనె తేలిందంటే అవి బయటికొచ్చాయన్నమాట. మోలె మర్నాటికి ఇంకా బాగుంటుంది. దినుసుల విడివిడి ఘాటు తగ్గి, అంతా ఒకటే రుచిగా కుదురుకుంటుంది.

ఎవరికైనా కారం ఎక్కువై అల్లాడుతుంటే నీళ్ళివ్వొద్దు. నాలుక మీద 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే ఒక గ్రాహకం ఉంది, పేరు టీఆర్‌పీవీ1. క్యాప్సైసిన్ దాన్నే తట్టి లేపుతుంది, అందుకే ఏమీ కాలకపోయినా నోరు కాలుతున్నట్టే ఉంటుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని గుర్తించింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. పాలలోని కేసిన్ ప్రోటీను క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీంచి తీసుకుపోతుంది. మెక్సికన్ బల్ల మీద పుల్లని మీగడ, తాజా జున్ను ఉండేది ఊరికే కాదు.

మద్యం ముట్టని అతిథుల కోసం కూడా ముందురోజే ఒక కుండ సిద్ధం చెయ్యొచ్చు. మెక్సికోలో ఎక్కడ చూసినా కనిపించే హమైకా నీళ్ళు మన ఎర్ర గోంగూర మొక్క నుంచే వస్తాయి. పువ్వు రాలాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రగా మిగిలే రక్షక పత్రాలను ఎండబెట్టి, వేడినీళ్ళలో వేసి, చల్లార్చి, చక్కెర కలుపుతారు. అందులోని ఎరుపు ఆంథోసయానిన్లది. ఆ అణువు పులుపులో ఎర్రగా, క్షారంలో నీలంగా కనిపిస్తుంది కాబట్టి వడ్డించే ముందు నిమ్మచెక్క పిండితే రంగు మరింత తేటపడుతుంది. పెరట్లో గోంగూర ఉన్నవాళ్ళు కాయలు ముదిరేదాకా ఆగి ఒక్కసారి చేసి చూడండి, విందు కోసం కాకపోయినా. తెపాచె ఇంకాస్త ముందే, రెండు మూడు రోజుల కిందట మొదలవ్వాలి. అనాసపండు తొక్కలు, పిలొన్సియో అనే మెక్సికన్ బెల్లం, దాల్చినచెక్క, నీళ్ళు. తొక్క మీది ఈస్టులూ బ్యాక్టీరియా బెల్లాన్ని పులియబెడతాయి. దీన్ని గుడ్డ కట్టిన కుండలోనే ఉంచాలి. బిగుతుగా మూసిన గాజుసీసాలో వాయువు నిండితే సీసా పగలొచ్చు.

ఇక కిత్తనార జాతి సంగతి. అగేవ్ అనే ఈ మొక్కలేకపోతే మెక్సికో పానీయాలు సగానికి పైగా లేవు. మన రైలు కట్టల పక్కన, చేల గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార కూడా ఆ ప్రజాతిదే, దాని స్వస్థలమూ అమెరికా ఖండాలే. ఎండ భగభగలాడే నేలలో బతకడానికి ఈ మొక్క పగలు ఆకుల రంధ్రాలు మూసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. పొద్దున మళ్ళీ తలుపులు బిగించి, దాచిన దాంతో ఎండలో చక్కెర చేసుకుంటుంది. అలా ఆరేడు ఏళ్ళు కూడబెట్టిందంతా ఫ్రక్టాన్లు అనే చక్కెర గొలుసులుగా మొక్క మొదలులో నిల్వ ఉంటుంది. జీవితంలో ఒక్కసారి ఆకాశానికి పూలకాడ ఎత్తి, పూసి, చచ్చిపోవడానికి అది దాచుకున్న బలం.

టెకీలా తయారీదార్లు ఆ కాడను రానివ్వరు. ఆకులు నరికి, పదుల కిలోల బరువుండే గుండ్రటి దుంపలాంటి మొదలును తవ్వి తీసి ఆవిరి పొయ్యిల్లో ఉడికిస్తారు. ఫ్రక్టాన్లను ఈస్టు తినలేదు. వేడికి అవి విరిగి ఫ్రక్టోజ్ అయ్యాకే పులవడం సాధ్యం. మెస్కాల్ అనే మరో అగేవ్ మద్యానికి ఇదే పని నేలలో తవ్విన గోతిలో, కాల్చిన రాళ్ళ మీద, మట్టి కప్పి రోజుల తరబడి జరుగుతుంది. కట్టెపొగలోని గ్వాయకోల్ లాంటి పదార్థాలు గుజ్జులోకి ఇంకుతాయి, ఆ పొగవాసన బట్టీ దాటి గ్లాసు దాకా వస్తుంది. టెకీలాకు బ్లూ అగేవ్ ఒక్కటే పనికొస్తుంది. హలిస్కో రాష్ట్రంలో, మరో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లో చేసినదాన్నే ఆ పేరుతో అమ్మాలన్న రక్షణ 1974 నుంచి ఉంది. చిత్తూరు జిల్లాలో దక్కన్ పీఠభూమి అగేవ్ నుంచి తీస్తున్న మద్యానికి ఆ పేరు పెట్టుకునే వీల్లేదు. కొనేటప్పుడు సీసా మీద నూరు శాతం అగేవ్ అని ఉందా చూడండి. లేకపోతే పులియబెట్టిన చక్కెరల్లో 49 శాతం దాకా చెరకువో మరొకటో అయ్యుండొచ్చు.

పూలకాడను కోసేస్తే విత్తనాలుండవు. కాబట్టి తోటలన్నీ తల్లి మొక్క పక్కన పుట్టే పిలకలతోనే వేస్తారు, ఒకే జన్యువుల నకళ్ళు ఎకరాల కొద్దీ. తెగులొస్తే అన్నిటికీ ఒకేసారి వస్తుంది. మరో నష్టం గబ్బిలాలకు. రాత్రి విచ్చే అగేవ్ పూల తేనె మీద బతికే పొడుగు ముక్కు గబ్బిలం ఒకటి ఏటా మెక్సికో నుంచి అరిజోనా దాకా వలస వెళుతుంది. దాని సంఖ్య ప్రమాదస్థాయికి పడిపోయినప్పుడు రోడ్రిగో మెదెయిన్ అనే జీవశాస్త్రజ్ఞుడు గుహలను కాపాడడం దగ్గర్నుంచి రైతులను ఒప్పించడం దాకా దశాబ్దాలు పనిచేశాడు. తోటలో నూటికి ఐదు మొక్కలనైనా పూయనివ్వండి అన్నది ఆయన బృందం కోరిక. 2018లో అమెరికా ఆ గబ్బిలాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితా నుంచి తీసేసింది. పొలంలో ఐదు శాతం వదులుకోవడానికి ఒప్పుకున్న రైతుల సరుకు దొరికితే కాస్త ధర ఎక్కువైనా అదే కొంటే మంచిది.

బట్టీ పెట్టని పానీయం ఒకటుంది, పుల్కె. బతికున్న అగేవ్ నడిబొడ్డు తొలిచి, ఊరే తీపి నీళ్ళను రోజూ తోడి పులియబెడతారు. తెల్లగా, చిక్కగా, నురగతో ఉంటుంది. 1924లో పాల్ లిండ్నర్ దీన్నుంచి వేరుచేసిన జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా తాటి, ఈత కల్లుల్లోనూ ఉంటుంది. పుల్కె కూడా కల్లులాగే నిల్వ ఉండదు, గంటలు గడిచేకొద్దీ పులుస్తూనే పోతుంది. దాన్ని తాజాగా తాగాలంటే అక్కడికి వెళ్ళాల్సిందే.

అతిథులు వచ్చే గంటలోకి వద్దాం. గ్వాకమోలె అనే అవకాడో పచ్చడి ఇప్పుడు చెయ్యాలి. రోట్లో ముందు ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు నూరి, అవి రసం వదిలాక అవకాడో వేసి బరకగా మెదపాలి. కోసిన అవకాడో నల్లబడడం పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పని, దానికి గాలి కావాలి. నిమ్మరసం దాన్ని మందగింపజేస్తుంది. పైన ప్లాస్టిక్ పొరను గాలి లేకుండా అంటించడం అంతకంటే బాగా పనిచేస్తుంది. గింజను మధ్యలో పెడితే నల్లబడదంటారు కానీ అది తను కప్పినంత మేరకే కాపాడుతుంది. అవకాడో చెట్టు మీద మెత్తబడదు, కోశాకే పండుతుంది. విందుకు మూడు నాలుగు రోజుల ముందు కాయలు కొని అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో ఉంచితే అరటి వదిలే ఎథిలీన్‌కు త్వరగా పండుతాయి.

నిమ్మకాయలు మాత్రం గ్లాసులు బల్ల మీదకు వచ్చాకే పిండాలి. రసం నిల్వ ఉన్నకొద్దీ వాసన మారుతుంది. మెక్సికన్ నిమ్మ అని పిలిచేది గూడూరు, తెనాలి ప్రాంతాల్లో పండే మన చిన్న నిమ్మే. ఆసియా నుంచి స్పెయిన్ వారి ద్వారా అక్కడికి చేరింది. పిండాక చేతులు కడుక్కోకుండా ఎండలోకి వెళ్ళకండి. తొక్కలోని ఫ్యూరోకూమరిన్లు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తాయి. పగటిపూట మేడమీద విందులిచ్చేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మార్గరీటా అనే టెకీలా కాక్‌టెయిల్‌కు అంతర్జాతీయ బార్టెండర్ల సంఘం చెప్పే కొలత 50 మి.లీ. టెకీలా, 20 మి.లీ. నారింజ లిక్కర్, 15 మి.లీ. నిమ్మరసం. దీన్ని ఐసుతో కలిపి మూతపెట్టిన డబ్బాలో గట్టిగా ఊపాలి. గ్రాము ఐసు కరగడానికి 80 క్యాలరీల వేడి కావాలి, ఆ వేడిని పానీయం నుంచే లాక్కుంటుంది. ఆల్కహాలు, చక్కెర ఉన్న ద్రవం సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు కాబట్టి ఐసు ఇంకా కరుగుతూనే పోయి, డబ్బాలో వేడిమి సున్నాకు నాలుగైదు డిగ్రీలు దిగువకు పడిపోతుంది. చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ పీపాలో ఐసు మీద ఉప్పు చల్లడం వెనకున్న సూత్రమే ఇది. డబ్బా బయట మంచుపొర కట్టి వేళ్ళు అంటుకుంటున్నాయంటే చాలు. పన్నెండు, పదిహేను సెకన్లలో చల్లదనం దాదాపు నిలకడకొస్తుంది. ఆ తర్వాత ఎంత ఊపినా పెద్దగా చల్లబడదు. ఈ లోపల కరిగి చేరిన నీళ్ళు కూడా పానీయంలో భాగమే, అవి లేకపోతే ఘాటు గొంతు పట్టేస్తుంది.

గ్లాసు అంచున ఉప్పు అలంకారం కోసం కాదు. ఉప్పు చేదును అణిచి, దాని వెనక దాగిన తీపినీ వాసనలనూ ముందుకు తెస్తుందని 1997లో నేచర్ పత్రికలో బ్రెస్లిన్, బోషాంప్ చూపించారు. సగం అంచుకే ఉప్పు రాస్తే ఎవరికి కావలసినంత వాళ్ళు తీసుకుంటారు. పదిమందికి ఒకేసారి అందించాల్సివస్తే ఒక్కొక్క గ్లాసూ ఊపుతూ కూర్చోలేం. డాలస్‌లో రెస్టారెంటు నడిపిన మరియానో మార్టినెజ్ ఇదే ఇబ్బందికి 1971 మేలో ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి, మార్గరీటాను మంచుగుజ్జుగా చేసే యంత్రం తయారుచేశాడు. అది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇంట్లో అయితే నిమ్మరసం తప్ప మిగతావన్నీ జాడీలో కలిపి, ఐసు కరిగేటంత నీళ్ళు కూడా కొలిచి పోసి, ఫ్రీజర్లో పెట్టేయొచ్చు.

లెక్క కూడా చెప్పుకోవాలి. ఆ కొలతలో టెకీలా, లిక్కర్ రెండూ 40 శాతం అనుకుంటే ఒక్క గ్లాసులో 28 మి.లీ. అసలు ఆల్కహాలు, అంటే 22 గ్రాములు. అమెరికా ప్రమాణం ప్రకారం ఒక పెగ్గు 14 గ్రాములు. పుల్లగా, తియ్యగా జారిపోయే ఈ గ్లాసు ఒకటిన్నర పెగ్గు. ఆల్కహాలుకు సురక్షితమైన మోతాదంటూ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది. ఇష్టపడేవాళ్ళకు ఒకటి పోయడం, కారు నడిపేవాళ్ళకూ వద్దన్నవాళ్ళకూ అంతే మంచి గ్లాసులో, అదే ఉప్పు అంచుతో హమైకా ఇవ్వడం పిలిచినవాళ్ళ బాధ్యత.

విందయ్యాక టోర్టియాలు మిగిలితే మర్నాటికి అట్టముక్కలవుతాయి. వేడిలో విచ్చుకున్న పిండిపదార్థం అణువులు చల్లబడ్డాక మళ్ళీ దగ్గరికి జరిగి, బిగిసి, నీటిని బయటికి నెడతాయి. ఫ్రిజ్‌లో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. ముందే చేసి ఉంచకూడదన్నది ఇందుకే. ఆ ఎండిన టోర్టియాతోనే మెక్సికోలో మర్నాటి ఉదయం చిలాకిలెస్ చేస్తారు. తడి తక్కువ కాబట్టి నూనె తక్కువ పీలుస్తుంది, కరకరలాడుతుంది. త్రికోణాలుగా కోసి వేయించి, మరుగుతున్న టమాటా మిరప సల్సాలో వేసి, ఒక్కసారి కలిపి, జున్నూ మీగడా చల్లి వెంటనే తినాలి. సల్సా తగిలిన రెండు మూడు నిమిషాల్లో అంచు మెత్తబడి మధ్య కరకరలాడుతుంటుంది. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే ముద్దయిపోతుంది కాబట్టి అందరూ నిద్రలేచాకే పొయ్యి వెలిగించాలి.